మతిమరుపున్న అమ్మకి షుగర్, బీపీ మందులు ఎలా చూసుకోవాలి

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం తెనాలి నుంచి వదిన ఫోన్ చేసింది. అమ్మ పొద్దుటి నుంచీ ఏదోలా ఉందట. టీవీ రిమోట్ తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టింది. అన్నయ్యని చూసి "ఎవరబ్బాయివి నువ్వు?" అని అడిగింది. అప్పటికి ఏడాదిగా మతిమరుపు ఉంది కాబట్టి, ఇంకాస్త ముదిరిందని అందరం అనుకున్నాం. పక్కింట్లో ఉండే నర్సు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, చేయి పట్టుకుని చూసి, ఒళ్ళు చల్లగా ఉందేమిటని వేలు పొడిచి షుగర్ చూసింది. 52. పంచదార నీళ్ళు తాగించిన కాసేపటికి అమ్మ అన్నయ్యని పేరు పెట్టి పిలిచింది. మాత్రల అట్ట లెక్క చూస్తే తెలిసింది, పొద్దున వేసుకున్న సంగతి మర్చిపోయి పదింటికి ఇంకోటి వేసుకుంది.

అప్పటిదాకా మా ఇంట్లో రెండు ఫైళ్ళు ఉండేవి. షుగర్, బీపీలది ఒకటి, మతిమరుపుది ఒకటి. డాక్టర్లు వేరు, మందుల షాపులు కూడా వేరు. ఆ రోజు తర్వాత రెండూ ఒకే సంచీలో పెట్టాం. మతి తగ్గేకొద్దీ షుగర్ వైద్యం మారాలి. షుగర్, బీపీ గాడి తప్పితే ఉన్న కాస్త మతీ పోతుంది. మీ ఇంట్లోనూ ఇలాంటి రెండు ఫైళ్ళు ఉంటే కింద రాసిన వరసలో మొదలుపెట్టండి. అమ్మ అని రాస్తున్నాను గానీ నాన్నయినా, అత్తగారైనా పని ఒకటే.

ముందు మందుల సంచీ మంచం మీద కుమ్మరించండి

ఆదివారం పొద్దున ఒక గంట పెట్టుకోండి. ఇంట్లో ఉన్న మందులన్నీ తెచ్చి దుప్పటి మీద పోయండి. దేవుడి గూట్లో ఉన్నవి, దిండు కింద దాచుకున్నవి, ఆర్ఎంపీ పొట్లం కట్టి ఇచ్చినవి, ఎవరో చెబితే తెచ్చుకున్న చూర్ణాలు, ఏదీ వదలొద్దు. ప్రతి అట్ట వెనక సన్నటి అక్షరాల్లో మందు అసలు పేరు ఉంటుంది. కంపెనీ పేరు వదిలేసి అది రాసుకోండి. కనపడకపోతే ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి.

మొదట బయటపడేవి డబుల్‌లు, అంటే ఒకే మందు రెండు అట్టల్లో ఉండటం. షుగర్ మాత్ర పేరు చివర ఎం1, ఎం2 అని ఉంటే అందులో సాధారణంగా గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ కలిసి ఉంటాయి. ఇంకో డాక్టర్ మెట్‌ఫార్మిన్ విడిగా రాసి ఉండొచ్చు. అలాగే బీపీ మాత్ర పేరు చివర హెచ్ ఉంటే చాలాసార్లు అందులో ఒంట్లో నీరు తీసే మందు కూడా ఉన్నట్టు.

తర్వాత మెదడుకి మబ్బు పట్టించే మందులు వెతకండి. ఈ పని చాలామంది చేయరు. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నిద్ర కోసం ఏళ్ళ తరబడి వేసుకునే ఆల్ప్రజోలమ్, అరికాళ్ళ మంటలకి రాసే అమిట్రిప్టిలిన్, మాటిమాటికీ మూత్రం వస్తోందని ఇచ్చే ఆక్సీబ్యూటినిన్. వయసు మీద పడినవాళ్ళలో ఇవన్నీ మతిని ఇంకా మందగింపజేస్తాయి.

ఒక మందు ఇంకో మందుని తెచ్చిపెట్టే తమాషా కూడా ఉంది. మతిమరుపుకి ఇచ్చే డోనెపెజిల్ వల్ల కొందరికి మూత్రం ఆగదు. ఆ సంగతి తెలియని ఇంకో డాక్టర్ మూత్రం ఆగడానికి ఆక్సీబ్యూటినిన్ రాస్తాడు. ఆ మందు డోనెపెజిల్ చేసే పనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. రెండింటికీ డబ్బులు మనవే. డోనెపెజిల్ గుండె వేగాన్ని కూడా తగ్గిస్తుంది. బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి వాడుతున్నవాళ్ళలో నాడి మరీ నెమ్మదించి కళ్ళు తిరిగి పడిపోవచ్చు. అందుకే ఇద్దరు డాక్టర్లూ ఒకే జాబితా చూడాలి.

అయితే జాబితా చూసి మీరే ఏ మాత్రా మాన్పించొద్దు. ముఖ్యంగా ఆల్ప్రజోలమ్ ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ దాకా రావచ్చు. మీ పని రాసుకోవడం, అడగడం.

పదిహేను రోజులు నోట్‌బుక్ రాయండి

"పెద్దతనం కదా, మర్చిపోరూ?" అనేవాళ్ళు ఊరినిండా ఉంటారు. కొంత నిజమే. తాళాలు ఎక్కడ పెట్టారో మర్చిపోవడం ఎవరికైనా ఉంటుంది. తాళం చేతిలో పట్టుకుని దాంతో ఏం చేయాలో తెలియకపోవడం వేరు. పెళ్ళికి ఎవరు వచ్చారో గుర్తులేకపోతే సరే, ఆ పెళ్ళికి తను వెళ్ళిన సంగతే లేకపోతే రాసుకోండి.

వాళ్ళకి చేయి తిరిగిన పనిలో తేడా గమనించండి. పరీక్షలు పెట్టకండి. మా అమ్మ విషయంలో అది గోంగూర పచ్చడి. నలభై ఏళ్ళు ఉప్పు చేత్తో చూసి వేసిన మనిషి, రెండుసార్లు వేసింది, ఒకసారి అసలు వేయలేదు. మీ ఇంట్లో అది పాలవాడి లెక్క కావచ్చు, ముగ్గు కావచ్చు, గుడి నుంచి ఇంటి దారి కావచ్చు. తేదీ, టైము, ఏం జరిగింది, ఆ పూట ఏం తిన్నారు, రాత్రి నిద్ర పట్టిందా, షుగర్ చూస్తే ఎంత ఉంది, ఇవి ఒక్క లైనులో రాయండి. మాకు పది రోజులకే ఒక సంగతి కనిపించింది. అమ్మ ఎక్కువగా తికమకపడేది పదకొండు గంటల ప్రాంతంలో, టిఫిన్ సరిగ్గా తినని రోజుల్లో.

ఒక తేడా మాత్రం నోట్‌బుక్ నిండేదాకా ఆగదు. మతిమరుపు నెలల మీద మెల్లగా వస్తుంది. నిన్న బాగున్న మనిషి ఈ రోజు పొంతన లేకుండా మాట్లాడితే, లేనివాళ్ళు కనిపిస్తున్నారంటే, పగలంతా మగతగా పడుంటే అది మతిమరుపు పని కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం (ఒంట్లో ఉప్పు) పడిపోవడం, షుగర్ డౌన్ కావడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదో ఒకటి కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. మూతి పక్కకి పోయినా, ఒక చేయి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా పక్షవాతం అనుకుని 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే పని. నెల కిందట బాత్‌రూమ్‌లో జారి తలకి తగిలించుకున్నారా అన్నది కూడా గుర్తుచేసుకోండి. ముసలివాళ్ళలో తల లోపల రక్తం మెల్లగా చేరి వారాల తర్వాత మతి తప్పినట్టు కనిపిస్తుంది. ఆపరేషన్‌తో నయమయ్యే సంగతి అది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు చెవులు, కళ్ళు

శుక్లాలు ముదిరిన కళ్ళతో, వినపడని చెవులతో మతి పరీక్షకి కూర్చోబెడితే ఎవరైనా తప్పుతారు. ముందు ఆ రెండూ చూపించండి. చెవిలో గుబిలి తీయించాక మా మేనత్త "మతిమరుపు" సగం తగ్గింది. మిగతా సగం నిజంగానే ఉంది, అది వేరే కథ.

అమ్మతో "మతిమరుపు డాక్టర్ దగ్గరికి" అనకండి, రారు. "షుగర్ చెకప్‌కి" అంటే వస్తారు, అందులో అబద్ధమూ లేదు. నోట్‌బుక్ ముందుగానే లోపలికి పంపండి, లేదా మీరొక్కరే రెండు నిమిషాలు కలవండి. మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా ఆమె తప్పులన్నీ వల్లించడం పద్ధతి కాదు. మొదటిసారి నేను అదే చేశాను. దారిలో అమ్మ ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు.

రక్త పరీక్షల్లో బీ12, థైరాయిడ్, సోడియం, క్రియాటినిన్, హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) ఉన్నాయో లేదో చూడండి. బీ12 గురించి గట్టిగా అడగండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గుతుంది, శాకాహారులకి ముందే తక్కువ ఉంటుంది. ఆ లోపం వల్ల మతీ మందగిస్తుంది, కాళ్ళు కూడా తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరిని షుగర్ ఖాతాలో రాసేసి ఊరుకునేవాళ్ళు చాలామంది. తలకి స్కాన్ అవసరమా లేదా డాక్టర్ చెబుతారు.

మతి పరీక్ష తెలుగులోనే చేయమని అడగండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఈ పరీక్షల తెలుగు రూపాలు ఎప్పుడో తయారుచేశారు. చదువుకోనివాళ్ళకి వేరే పద్ధతి ఉంటుంది. సంతకం తప్ప రాయడం తెలియని మనిషిచేత గడియారం బొమ్మ గీయించి మార్కులు వేయడం అన్యాయం. నిమ్స్ అన్నాను కాబట్టి ఇంకో ముచ్చట. మెదడు జబ్బుల డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం అక్కడికి వచ్చిన 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది, చదువు రానివాళ్ళలో కూడా. పాతబస్తీలో తెలుగూ దక్కనీ రెండూ దంచేసే బామ్మలకి ఇది ఎవరైనా చెప్పాలి.

షుగర్ ఎంత ఉండాలో మళ్ళీ అడగండి

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. యాభై ఏళ్ళప్పుడు డాక్టర్ "హెచ్‌బీఏ1సీ 7 లోపు" అని చెప్పి ఉంటారు. ఇంట్లో అందరికీ ఆ అంకె బుర్రలో నాటుకుపోయింది. డెబ్బై అయిదేళ్ళ వయసులో, మతి తగ్గిన మనిషికి అదే అంకె కోసం మాత్రలు పెంచుకుంటూ పోతే ప్రమాదం ఎక్కువ. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాలు కూడా అనేక జబ్బులున్న పెద్దవాళ్ళకి 8 లోపు ఉంటే చాలంటాయి. మరీ బలహీనంగా ఉన్నవాళ్ళకి అంకె వెంట పడొద్దని, డౌన్ కాకుండా చూస్తే చాలని అంటాయి. కాబట్టి "ఈ వయసుకి, ఈ మతికి ఎంత ఉంటే చాలు సార్? మాత్రలు ఏమైనా తగ్గించొచ్చా?" అని నోరు తెరిచి అడగండి. గ్లిబెన్‌క్లమైడ్ వాడుతుంటే ఆ పేరు చెప్పి మరీ అడగండి. దాని ప్రభావం చాలాసేపు ఉంటుంది, పెద్దవాళ్ళకి వద్దనేవాళ్ళే ఎక్కువ.

మామూలు మనిషికి షుగర్ డౌన్ అయితే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, ఆకలేస్తోందని చెబుతాడు. మతిమరుపున్నవాళ్ళు చెప్పరు, చెప్పలేరు. ఊరికే కోపం తెచ్చుకుంటారు, లేదా నిద్రపోతారు. అందుకే మా ఇంట్లో ఒక రూలు పెట్టుకున్నాం. అమ్మ తేడాగా ఉంటే ముందు వేలు పొడవడం, తర్వాతే మాట్లాడటం. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూడండి. పెరిగాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108ని పిలవండి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వల్ల డౌన్ అయితే కొన్ని గంటలకి మళ్ళీ డౌన్ కావచ్చు. తేరుకున్నారు కదా అని ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు, డాక్టర్‌కి ఫోన్ చేయండి.

కార్తీక సోమవారాలు, ఏకాదశులు, శివరాత్రి క్యాలెండర్‌లో ముందే గుర్తుపెట్టుకోండి. నిన్న ఏం తిన్నదో గుర్తులేని అమ్మకి ఉపవాసం మాత్రం గుర్తుంటుంది. మా అమ్మ పొద్దున మాత్ర వేసుకుని, నక్షత్రం చూసేదాకా మంచినీళ్ళు ముట్టనని కూర్చుంది. "పాలు, పళ్ళు తినొచ్చని పంతులుగారు చెప్పారు" అంటే వింది, నేను చెబితే వినలేదు. పంతులుగారు నిజంగానే చెప్పారు లెండి, ముందురోజు వెళ్ళి అడిగాను.

బీపీ కూర్చోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటి, మూడు నిమిషాలకి ఇంకోసారి చూడండి. పై అంకె 20 కానీ అంతకంటే ఎక్కువ కానీ పడిపోతే రాసుకుని డాక్టర్‌కి చూపించండి. రాత్రి మూత్రానికి లేచి పడిపోయేవాళ్ళలో ఇలాంటివాళ్ళు చాలామంది. ఎండాకాలం ఇంకో ఇబ్బంది. నీరు తీసే మాత్ర వేసుకుంటూ, చెమట కారుస్తూ, ఉప్పు పూర్తిగా మానేసి కూర్చుంటే సోడియం పడిపోతుంది. ముసలివాళ్ళకి దాహం తెలియదు. గంటకోసారి గ్లాసు చేతికి అందించాల్సిందే. గుండె, కిడ్నీ జబ్బులుంటే నీళ్ళు ఎన్ని, మజ్జిగలో ఉప్పు ఎంత అన్నది డాక్టర్‌ని అడగండి.

మాత్రలు వాళ్ళ చేతికి ఇవ్వొద్దు

వారం రోజుల మాత్రలు పట్టే అరల డబ్బా కొని ఆదివారం నింపండి. డబ్బా బీరువాలో, తాళం మీ దగ్గర. రోజుకి నాలుగుసార్లున్న మందుల్ని రెండుసార్లకి కుదించగలరా అని డాక్టర్‌ని అడగండి, చాలావరకు కుదురుతుంది. మాత్ర మింగించి, నీళ్ళు తాగించి, కాసేపు అక్కడే ఉండండి. మా అమ్మ బుగ్గలో దాచి తులసికోటలో ఉమ్మేసేది.

ఇన్సులిన్ ఉంటే జాగ్రత్త రెట్టింపు కావాలి. ఇంజెక్షన్ ఇచ్చాక "నాకొద్దు" అని కంచం తోసేస్తే ఏం చేస్తారు? తినడం మీద నమ్మకం లేని రోజుల్లో ఎలా ఇవ్వాలో ముందే కనుక్కుని పెట్టుకోండి.

"అన్నం పెట్టలేదు" అన్నప్పుడు

ఇది రాయకపోతే మా వదిన ఊరుకోదు. అమ్మ కడుపు నిండా తిని, చేయి కడుక్కుని, అరుగు మీదకి వెళ్ళి వచ్చేపోయేవాళ్ళతో "కోడలు పొద్దుటినుంచీ మెతుకు పెట్టలేదమ్మా" అని చెప్పేది. వీధి వీధంతా వదినని ఒక చూపు చూసేది. వాదించి లాభం లేదు. "ఇప్పుడే తిన్నావుగా" అంటే ఏడుపు, పంతం. తిన్న జ్ఞాపకం లేదు కాబట్టి ఆమె లెక్కలో మనమే అబద్ధాలాడుతున్నాం.

వదిన కనిపెట్టిన ఉపాయాలు రెండు పనిచేశాయి. మధ్యాహ్నం భోజనాన్ని రెండు సగాలు చేసి, మొదటిది పన్నెండింటికి, రెండోది "అన్నం పెట్టలేదు" అన్నప్పుడు పెట్టడం. మొత్తం అన్నం అంతే, షుగర్ అదనంగా పెరగదు. ఆ సగం కూడా అయిపోతే గ్లాసు మజ్జిగ, గుప్పెడు మరమరాలు, లేదా "కుక్కర్ పెట్టాను, రెండు విజిల్స్ రానీ అత్తయ్యా" అనడం. రెండో ఉపాయం, ఎంగిలి కంచం వెంటనే కడగకుండా ఎదురుగా ఉంచడం. కంచం చూస్తే కొన్నిసార్లు తనే సర్దుకునేది. ఇక వీధిలో వాళ్ళకి జబ్బు పేరు చెప్పేయండి. దాచినంత కాలం కోడలికే చెడ్డపేరు.

ఇల్లు, పాదాలు

మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ, గ్యాస్ సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపేయడం. గేటు గడియ కొత్త చోట బిగించండి, పాత చోట చేయి దానంతటదే వెళ్తుంది. చీర కొంగుకి, జాకెట్ లోపలికి మీ ఫోన్ నంబర్ రాసిన గుడ్డముక్క కుట్టండి. సాయంత్రమైతే "మా ఇంటికి పోతా" అని సంచీ సర్దుతుంటే, అది పుట్టిల్లు. "ఇదే మీ ఇల్లు" అని నిరూపించబోకండి. ఆ ఊరి కబుర్లు అడుగుతూ వీధి చివరిదాకా నడిచి వెనక్కి రండి.

షుగరున్నవాళ్ళకి అరికాలిలో ముల్లు దిగినా తెలియదు. మతి లేనివాళ్ళు తెలిసినా చెప్పరు. రాత్రి కాళ్ళకి కొబ్బరినూనె రాసే వంకతో వేళ్ళ సందులు, అరికాళ్ళు టార్చి వేసి చూడండి. వేళ్ళ మధ్య మాత్రం నూనె వద్దు, తడి నిలుస్తుంది.

కాగితాలు, మతి ఉండగానే

పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే చాలనుకుంటారు. భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, ఇచ్చిన మనిషి మతి స్థిమితం పోతే ఆ అధికారమూ పోతుంది. సరిగ్గా అవసరం పడ్డప్పుడే పనికిరాదన్నమాట. సంతకం పెట్టగలిగినప్పుడే బ్యాంకు ఖాతా జాయింట్ చేయించి, నామినీలు సరిచూసి, వీలునామా సంగతి ఆమెతోనే మాట్లాడండి. ఇంట్లో అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు అందరికీ తెలిసేలా చేయండి, చాటుగా చేసిన సంతకం తర్వాత కోర్టుకి వెళ్తుంది. డెబ్బై దాటినవాళ్ళకి 2024 అక్టోబర్ నుంచి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత ఆసుపత్రి వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, ఆధార్ తీసుకెళ్ళి చేయించుకోండి. పెద్దవాళ్ళకి సాయం కావాలంటే ఎల్డర్‌లైన్ 14567.

దూరంగా ఉన్నవాళ్ళకి

అమెరికాలో ఉన్న మా తమ్ముడు వీడియో కాల్ చేయగానే "అమ్మా, నేనెవరో చెప్పు?" అనేవాడు. అమ్మ తడబడేది, వాడు ఏడ్చేవాడు, ఆ రోజంతా అమ్మని వదిన ఓదార్చేది. మీరూ అలాగే చేస్తుంటే మానేయండి. "అమ్మా, నేను చిన్నోణ్ణి, ఈ రోజు వంకాయ కూర చేశాను" అని మొదలుపెట్టండి. పని మాత్రం దూరం నుంచీ చేయొచ్చు. మందుల జాబితా కంప్యూటర్‌లో మీరే ఉంచుకుని ప్రతి అపాయింట్‌మెంట్‌కీ సరిచేయండి, అయిపోయే మాత్రలు ఆర్డర్ చేయండి, ఆయాకి జీతం పంపండి. ఏడాదిలో మూడు వారాలు వచ్చి, వదినని పుట్టింటికి పంపించండి. ఆమెకి నిద్ర పట్టకపోతే, ఊరికే ఏడుపొస్తుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు.

మీకు నలభై అయిదు దాటి ఉంటే, అమ్మకి బీపీ చూసిన పట్టీ మీ చేతికీ చుట్టుకోండి. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ మతిమరుపు జబ్బుకి మనం మార్చుకోగలిగిన పద్నాలుగు కారణాలు లెక్కవేసింది. నడివయసులో వదిలేసిన బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, వినికిడి లోపం అందులో ఉన్నాయి. అలా అమ్మని తీసుకెళ్ళిన ఆసుపత్రి వరండాలో కూర్చుని ఊరికే చూపించుకుంటే, నాకు 150 బై 96 వచ్చింది. ఇప్పుడు ఆదివారం రెండు డబ్బాలు నింపుతున్నాను.